కొత్త మందు ట్రయల్‌లో చేరమన్నారా? సంతకానికి ముందూ తర్వాతా ఏమేం చేయాలి

"అన్నా, అమ్మకు కొత్త మందు ట్రయల్ ఉన్నదంటున్నరు హైదరాబాద్‌ల. మందులు ఫ్రీ, టెస్టులు ఫ్రీ అంటున్నరు. పెట్టమంటవా, వద్దంటవా?"

దేవరకొండ నుంచో, నకిరేకల్ నుంచో, కల్వకుర్తి నుంచో నెలకు నాలుగైదు సార్లు ఇదే ఫోన్. నేను పుట్టి పెరిగింది నల్లగొండ దగ్గరి పల్లెలో. పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్ కోఆర్డినేటర్‌గా, అంటే కొత్త మందును మనుషుల మీద పరీక్షించి చూసేచోట పనులు చూసే మనిషిగా, పనిచేస్తున్నాను. అందుకే మావైపు వాళ్లు నన్నే అడుగుతారు. చేరాలా వద్దా అన్నది రోగి, ఇంటివాళ్లు, డాక్టరు కలిసి తేల్చుకోవాలి. తేల్చుకునే ముందు ఏం చూడాలో, చేరాక ఎక్కడ తప్పు జరుగుతుందో మాత్రం నేను చెప్పగలను. ఇక్కడ రాసింది అదే.

నేను మొదట చెప్పే మాట ఒక్కటే. కాయితం ఇంటికి తెచ్చుకోండి. మిగతా పనులన్నీ ఆ కాయితం చేతికొచ్చాకే.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- పాత రిపోర్టులు, తేదీల వరుసలో. స్కాన్ ఫిల్ములు, సీడీలు కూడా.
- ఇప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్పులు. చిట్టీ మీద రాసుకున్న పేర్లు చాలవు. "బీపీ గోళి, తెల్లది" అంటే ఎవరికీ అర్థం కాదు.
- బయాప్సీ (గడ్డ నుంచి పరీక్షకు ముక్క తీయడం) అయి ఉంటే దాని బ్లాక్ (మైనంలో పోసిన ఆ ముక్క), స్లైడ్లు, రిపోర్టు.
- ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు. నామినీ పేరు, చిరునామా.
- ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు, పెన్ను.
- చదువు వచ్చిన, దవాఖానతో ఏ సంబంధమూ లేని ఒక మనిషి. కొడుకో, అల్లుడో, ఊళ్లో టీచరో.
- రెండు మూడు రోజుల సమయం. ఇది ఇవ్వమంటే ఇవ్వని చోట ఆగి ఆలోచించండి.

1. ఇది ఏ దశ ట్రయలో అడగండి

"కొత్త మందు" అన్న మాట ఒక్కటే, కానీ దాని వెనక నాలుగు రకాల సంగతులు ఉంటాయి. మొదటి దశలో కొద్దిమందికి ఇచ్చి, మందు మనిషికి పడుతుందా, ఎంత మోతాదు తట్టుకుంటారు అని చూస్తారు. రెండో దశలో రోగం మీద పనిచేస్తున్న సూచనలు వెతుకుతారు. మూడో దశలో ఎక్కువ మందికి ఇచ్చి, ఇప్పుడున్న వైద్యంతో పోల్చి చూస్తారు. నాలుగో దశ అంటే మందు మార్కెట్లోకి వచ్చాక జరిగేది. మనకు తెలిసిన ఉదాహరణ కోవాగ్జిన్. 2020 జులైలో పంజాగుట్ట నిమ్స్‌తో పాటు మరికొన్ని దవాఖానల్లో మొదటి దశ జరిగింది, మొత్తం 375 మంది. మూడో దశకు వచ్చేసరికి 25,800 మంది.

మొదటి దశ అంటే మందు గురించి తెలిసింది తక్కువ. మూడో దశ అంటే కొంత తెలుసు. అంతమాత్రాన మొదటి దశ చెడ్డదని కాదు. క్యాన్సర్‌లో వేరే దారి మిగలనివాళ్లకు అదే దారి కావచ్చు. ఏ దశలోకి వెళ్తున్నారో తెలిసి వెళ్లాలి, అంతే.

దీంతోపాటే ఇంకో ప్రశ్న: "ఇందులో ఉత్త గోళి ఇచ్చే గుంపు ఉందా?" మందు లేని గోళిని ప్లాసిబో అంటారు. ఎవరికి ఏది రావాలో కంప్యూటరు చీటీ వేసినట్టు తేలుస్తుంది. చాలా ట్రయల్స్‌లో డాక్టరుకు కూడా తెలియదు. ఉత్త గోళి ఉందంటే భయపడాల్సిన పనిలేదు, మామూలు వైద్యం దాంతోపాటు నడుస్తుందా ఆగుతుందా అన్నదే అసలు ప్రశ్న. జవాబును నోటుబుక్కులో రాసుకోండి.

2. సమాచార పత్రం ఇంటికి తెచ్చుకోండి, తెలుగులో

ట్రయల్‌లో చేర్చుకునే ప్రతివారికీ రెండు కాయితాలు ఉంటాయి. ఒకటి రోగికి ఇచ్చే సమాచార పత్రం, రెండోది సమ్మతి పత్రం. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వడం వాళ్ల బాధ్యత. ఇంగ్లీషుది ఇచ్చి "నేను చెప్తా కదా" అంటే, తెలుగుది ఇమ్మని అడగండి. ఉర్దూ చదివేవాళ్లు ఉర్దూది అడగండి. లంబాడీ తండాల నుంచి వచ్చే పెద్దవాళ్లకు తెలుగు చదివి వినిపిస్తే సగమే అందుతుంది. వాళ్ల మాటలో చెప్పగల మనిషిని వెంట తీసుకెళ్లండి.

ఇంటికి తెచ్చాక ఒకరు పైకి చదవాలి, రోగి వినాలి. చదువుతూ అర్థం కాని ప్రతిచోటా పెన్సిలుతో గీత పెట్టండి. ఈ గీతలే మీ ప్రశ్నలు. సగటున పదిహేను ఇరవై పేజీలుంటుంది. ఒక్కసారి కూర్చుంటే అయ్యే పని కాదు, రెండు రాత్రులు పెట్టుకోండి.

ఇది ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మా మేనత్త సంగతి నా కళ్లముందు జరిగింది. నేను ఈ పనిలో చేరిన కొత్తల్లో, ఒక దవాఖానలో ఆమెను ట్రయల్‌లోకి తీసుకున్నారు. నేను వెళ్లేసరికి వేలిముద్ర వేయించేశారు. నీలం ఇంకు ఆరకముందే ఫైలు మూయడంతో ఎదుటి పేజీ మీద ఇంకో ముద్ర పడింది. సాక్షి సంతకం అక్కడి ల్యాబు పిల్లవాడిది. "అత్తా, ఏమని చెప్పిండ్రు?" అంటే, "మంచిగయితదన్నరు బిడ్డా" అంది. అంతకుమించి ఆమెకేమీ తెలియదు. ఆమె చేతికి ఒక్క కాయితం కూడా ఇవ్వలేదు. రెండు నెలల తర్వాత ఒళ్లంతా దద్దుర్లు వస్తే, ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

3. సీటీఆర్ఐ నంబరు పట్టుకుని చూసుకోండి

మన దేశంలో జరిగే ట్రయల్స్ వివరాలు సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో ఉంటాయి. 2007లో మొదలైంది. 2009 జూన్ 15 నుంచి కొత్త మందుల ట్రయల్స్‌కు ఇందులో నమోదు తప్పనిసరి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు. ఫోన్లో సీటీఆర్ఐ ప్రభుత్వ సైటు తెరిచి, వెతికే గడిలో నంబరు ఇవ్వండి. అంతా ఇంగ్లీషులో ఉంటుంది. డిగ్రీ చదివే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే చాలు.

నంబరు సీటీఆర్ఐ అని మొదలై, తర్వాత సంవత్సరం, నెల, ఆరంకెలు ఉంటాయి. "రెఫ్" అని మొదలయ్యే నంబరు ఇచ్చారంటే అది దరఖాస్తు నంబరు, రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. చాలామంది ఇక్కడే మోసపోతారు. ఏదో ఒక నంబరు ఉంది కదా అని ఊరుకుంటారు.

పేజీ తెరిచాక ఈ ఐదు చూడండి:

- ట్రయల్ జరిగే చోట్ల జాబితాలో మీ దవాఖాన పేరు, మీ డాక్టరు పేరు ఉన్నాయా.
- ఆ దవాఖాన ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చినట్టు ఉందా, ఇంకా పెండింగులో ఉందా.
- డీసీజీఐ (దేశంలో మందులకు, ట్రయల్స్‌కు అనుమతిచ్చే కేంద్ర అధికారి) అనుమతి గడిలో ఏముంది.
- మనుషుల్ని తీసుకోవడం నడుస్తోందా, ముగిసిందా.
- ఎవరిని తీసుకుంటారు, ఎవరిని తీసుకోరు అన్న జాబితా. ఇందులో మీ వయసు, మీ జబ్బు సరిపోతున్నాయా.

ఎథిక్స్ కమిటీ అంటే ట్రయల్ న్యాయంగా జరుగుతోందా అని చూసే గుంపు. కనీసం ఏడుగురు ఉండాలి. అందులో ఒక మామూలు పౌరుడు, ఒక మహిళ, ఒక న్యాయం తెలిసినవారు తప్పనిసరి. సగం మంది ఆ దవాఖానతో సంబంధం లేనివాళ్లే ఉండాలి. వీళ్ల ఫోన్ నంబరు మీ సమాచార పత్రంలో ఉంటుంది. దాన్ని ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకోండి, అవసరం వచ్చాక వెతికితే దొరకదు.

నంబరు దొరక్కపోతే? దవాఖానలో ఇంకోసారి అడగండి, అంకె తప్పు రాసుకుని ఉండొచ్చు. రెండోసారి కూడా దొరక్కపోతే సంతకం పెట్టకండి.

4. గీత పెట్టిన ప్రశ్నలు అడగండి

డాక్టరు దగ్గర మనవాళ్లకు నోరు లేవదు. "పెద్ద సారు, ఏమనుకుంటడో" అని ఊరుకుంటారు. సమ్మతి తీసుకునే రోజు ప్రశ్నలకు జవాబివ్వడం ఆ సారు పనిలో భాగమే. అందుకని అడగండి:

నేను చేరకపోతే నాకు ఏ వైద్యం ఇస్తారు? ఆరోగ్యశ్రీలో నడుస్తున్న వైద్యానికి ఏమైనా అడ్డమా? ఎన్నిసార్లు రావాలి, ఏ తేదీల్లో? ఎంత రక్తం తీస్తారు? దారి ఖర్చులు, కూలి పోయిన రోజులకు ఏమిస్తారు, ఎప్పుడు, చేతికా బ్యాంకులోనా? ట్రయల్ వల్ల నాకు హాని జరిగితే ఎవరు చూస్తారు?

తేదీల సంగతి చిన్నదనుకోకండి. నల్లగొండ అయినా, మహబూబ్‌నగర్ అయినా హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. అచ్చంపేట, కొల్లాపూర్ నుంచి ఇంకా దూరం. పొద్దున ఎనిమిదింటికి పరగడుపున రక్తం ఇవ్వాలంటే తెల్లవారుజామున మూడున్నరకు ఇల్లు కదలాలి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు వచ్చే తేదీలను ముందే చూసుకోండి. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు వెళ్లేవాళ్లు ఉంటే ఆ మాట మొదటిరోజే చెప్పండి. మధ్యలో మూడు విజిట్లు తప్పితే రోగికి రక్షణా పోతుంది, ట్రయల్ లెక్కా పాడవుతుంది. బస్సు టిక్కెట్లు దాచండి. ఆడవాళ్లకు వచ్చే జీరో టిక్కెట్టు కూడా దాచండి, వచ్చిన తేదీకి అది రుజువు. వెంట వచ్చిన మనిషి టిక్కెట్టుకు పైసలు ఇస్తారా అని విడిగా అడగండి.

నష్టపరిహారం గురించి అడగడానికి సిగ్గుపడొద్దు. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం, ట్రయల్‌లో ఉండగా హాని జరిగితే వైద్యం ఉచితం. ఆ హాని ట్రయల్ వల్ల కాదని తేలేదాకా అయినా, అవసరం తీరేదాకా అయినా ఇవ్వాలి. ట్రయల్ వల్లే చనిపోతే పరిహారానికి లెక్క ఉంది. మూలం 8 లక్షలు. దాన్ని వయసును బట్టి ఒక అంకెతో, జబ్బు తీవ్రతను బట్టి ఇంకో అంకెతో గుణించి, 99.37తో భాగిస్తారు. 65 ఏళ్లు దాటినవారికి వయసు అంకె 99.37. అంటే అది కొట్టుకుపోతుంది. జబ్బు మధ్యస్థంగా ఉంటే తీవ్రత అంకె 2, అప్పుడు 16 లక్షలు. ఆరోగ్యంగా ఉన్నవారికి 4, ఆరు నెలలకు మించి బతకరని అనుకునేవారికి 0.5. వయసు తగ్గేకొద్దీ మొత్తం పెరుగుతుంది.

5. సంతకం రోజు

సమ్మతి పత్రంలో మీ చదువు, పని, ఏడాది ఆదాయం, నామినీ పేరు అడుగుతారు. ఆదాయం ఎందుకు అడుగుతున్నారని కంగారు పడొద్దు, ఈ గడులు పత్రంలో ఉండాల్సినవే. నామినీ గడి మాత్రం ఖాళీగా వదలకండి. పరిహారం ఎవరికి చేరాలో తేలేది దాంతోనే.

చదవడం రాయడం రాకపోతే వేలిముద్ర వేయొచ్చు. అప్పుడు చదువు వచ్చిన సాక్షి పక్కన ఉండాలి, ఆయన ట్రయల్ మనిషి కాకూడదు. ఈ సాక్షి సమ్మతి మొత్తం జరిగేటప్పుడు అక్కడే ఉండాలి. చివర్లో పిలిపించి సంతకం పెట్టించడం సాక్ష్యం కాదు. పూర్తిగా కొత్త రకం మందు అయి, రోగి బలహీన స్థితిలో ఉన్నవారైతే సమ్మతిని వీడియో తీస్తారు. కెమెరా చూసి చాలామంది "సరే సారూ, సరే సారూ" అనేస్తారు. ఆ వీడియోలోనే మీ ప్రశ్నలు అడగండి, అవి రికార్డయి ఉంటాయి.

తేదీ మీ చేత్తో మీరే వేయండి. పాత తేదీ వేయమంటే వేయొద్దు.

మిగిలిన రక్తాన్ని, కణజాలాన్ని ముందుముందు పరిశోధనలకు దాచుకుంటామని, జన్యు పరీక్షలు చేస్తామని ఒక గడి విడిగా ఉండొచ్చు. దానికి వద్దని చెప్పి కూడా ట్రయల్‌లో చేరొచ్చా అని అడగండి. చాలాచోట్ల చేరొచ్చు.

సరిచూసుకోవడం: గది దాటి బయటికి వచ్చేటప్పుడు మీ చేతిలో మీదీ, డాక్టరుదీ రెండు సంతకాలూ ఉన్న సమ్మతి పత్రం ప్రతి, పూర్తి సమాచార పత్రం ఉండాలి. "తర్వాతిసారి ఇస్తాం" అంటే అక్కడే కూర్చోండి. జిరాక్సుకు ఐదు నిమిషాలు.

6. స్క్రీనింగ్ పరీక్షలు: ఎక్కువ తప్పులు ఇక్కడే

మీరు ట్రయల్‌కు సరిపోతారా అని చూసే పరీక్షలే స్క్రీనింగ్. సంతకం తర్వాతే ట్రయల్ కోసం రక్తం తీయాలి. ముందే తీశారంటే పద్ధతి తప్పింది.

బయోమార్కర్ అన్న మాట ఇప్పుడు వినబడుతుంది. ఒంట్లో కొలవగలిగే గుర్తు, అంతే. మూడు నెలల షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ ఒక బయోమార్కరే, కిడ్నీకి క్రియాటినిన్ ఒకటి. రొమ్ము క్యాన్సర్‌లో హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందా లేదా చూస్తారు. సుమారు 15 నుంచి 20 శాతం మందిలో అది ఎక్కువగా ఉంటుంది. హెర్2 మీద పనిచేసే మందులు ముఖ్యంగా వాళ్లకోసం. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ అలాంటిదే. అందుకే "మీకు ఈ గుర్తు లేదు, ట్రయల్‌కు సరిపోరు" అంటే మిమ్మల్ని కాదన్నట్టు కాదు. ఆ తాళం చెవి మీ తాళానికి పట్టదని అర్థం.

*బయాప్సీ ముక్క.* ఊళ్లో దగ్గరి ఆస్పత్రిలో గడ్డ తీసి, డబ్బాలో వేసి మీ చేతికిచ్చి ల్యాబులో ఇమ్మంటారు. ఆ డబ్బాలో ఏముందో అడగండి. ఫార్మాలిన్ (ముక్క చెడకుండా కాపాడే ద్రవం) ఉండాలి, ముక్క పూర్తిగా మునగాలి. సెలైన్లో వేసి ఇస్తే ముక్క చెడుతుంది, తర్వాత హెర్2 లాంటి పరీక్ష నమ్మేలా రాదు. ల్యాబులో దాన్ని మైనంలో పోసి బ్లాక్ చేస్తారు. అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ చట్రం, మధ్యలో తెల్లటి మైనం, అందులో గోధుమరంగు ముక్క, అంచున పెన్సిలుతో రాసిన నంబరు. ఈ నంబరూ రిపోర్టు మీద నంబరూ ఒకటేనా చూడండి. బ్లాక్‌ను మే నెల ఎండలో బైకు డిక్కీలోనో, ఆపిన కారులోనో పెట్టొద్దు, మైనం మెత్తబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టనవసరం లేదు, ఇంట్లో చల్లటి చోట చాలు. ట్రయల్‌కు ఇచ్చేటప్పుడు ఏ నంబరు బ్లాకు, ఎన్ని స్లైడ్లు ఇచ్చారో రాయించి సంతకం తీసుకోండి. తిరిగిస్తారా అని అడగండి.

హెర్2 రిపోర్టులో 0, 1, 2, 3 అని ప్లస్సులతో ఉంటుంది. 3 ప్లస్ అంటే పాజిటివ్. 2 ప్లస్ అంటే ఇంకా తేలలేదు, ఫిష్ అనే రెండో పరీక్ష చేయాలి. 2 ప్లస్ చూసి "లేదు" అనుకుని ఇంటికెళ్లిపోయినవాళ్లను చూశాను. ఆ పరీక్ష చేశారా అని అడగండి.

*రక్తం.* పరగడుపు అంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. బస్సులో రెండు గంటలు, లైన్లో రెండు గంటలు నీళ్లు లేకుండా కూర్చుంటే క్రియాటినిన్ పెరిగి కనిపించవచ్చు. ముందురోజు రాత్రి దావత్‌లో మటన్ గట్టిగా తిన్నా అంతే. బోనాలు, దసరా మర్నాడు పరీక్ష తేదీ పెట్టుకోకండి. చాయ్ ఒక్క గుక్క తాగినా పరగడుపు పోయినట్టే. చాయ్ తాగి ఉంటే చెప్పేయండి, తేదీ మార్చుకోవచ్చు.

షుగరుకు బూడిద రంగు మూత గొట్టం వాడాలి. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లకు ఫ్లోరైడ్ మాట వింటే గుండె బరువెక్కుతుంది, అక్కడ అది ఎముకల్ని వంచింది. ఈ గొట్టంలో మాత్రం రక్తకణాలు షుగరును తినేయకుండా ఆపుతుంది. మామూలు గొట్టంలో రక్తం అలాగే ఉంటే గంటకు 5 నుంచి 7 శాతం షుగరు తగ్గుతుంది. మండలంలో రక్తం తీసి మధ్యాహ్నం బస్సులో పంపితే షుగరు తక్కువ, పొటాషియం ఎక్కువ రావడానికి రక్తం అలా గంటలకొద్దీ నిలవుండటమే కారణం. అందుకని పొటాషియం ఒక్కటే వింతగా ఎక్కువ వస్తే బెంబేలు పడకుండా వెంటనే మళ్లీ చేయించండి. రెండోసారీ ఎక్కువే వస్తే అది నిజం, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

హెచ్‌బీఏ1సీకి పరగడుపు అక్కర్లేదు. కానీ మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ. ఐరన్ తక్కువుంటే ఇది ఉన్నదానికన్నా ఎక్కువ చూపొచ్చు, ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే అసలు నమ్మలేం. హిమోగ్లోబిన్ ఎంతో పక్కనే చూసుకోండి. జుట్టుకనో గోళ్లకనో బయోటిన్ గోళీలు మింగేవాళ్లు థైరాయిడ్ పరీక్షకు ముందు ఆ సంగతి చెప్పాలి.

గొట్టం మీద పేరు అతికించేదాకా కుర్చీ దిగకండి. మావైపు ఒక ఊళ్లోనే ఐదుగురు యాదయ్యలు, ఆరుగురు లింగయ్యలు ఉంటారు. పేరుతో పాటు వయసు, ట్రయల్ నంబరు సరిచూడండి. రిపోర్టు వచ్చాక రక్తం తీసిన తేదీ, వయసు, ఆడా మగా, కొలత యూనిట్లు చూడండి. క్రియాటినిన్ ఒకచోట మిల్లీగ్రాముల్లో, ఇంకోచోట మైక్రోమోల్స్‌లో ఇస్తారు. 1 ఉన్నది 88 అయిందని ఒక కొడుకు రాత్రి పదకొండింటికి ఏడుస్తూ ఫోన్ చేశాడు. రెండూ ఒకటే విలువ. ట్రయల్ శాంపిళ్లు తరచు ఒకే పెద్ద ల్యాబుకు కొరియర్లో పోతాయి. రిపోర్టు మీకు ఇస్తారా అని ముందే మాట తీసుకోండి.

*దాచకూడనివి.* ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న సూదులు. నొప్పుల గోళీలు. కామెర్లకు తాగిన పసరు. కల్లు, మద్యం. మన దగ్గర కల్లు అలవాటు మామూలే కనుక చెప్పడం మర్చిపోతారు. పాలమూరు వైపు కల్లు కల్తీలో ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కేసులు ఎన్నో బయటపడ్డాయి. రోజూ అలాంటి కల్లు తాగే మనిషి ట్రయల్ కోసమని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావొచ్చు, పిచ్చిచూపులు చూడొచ్చు. కొత్త మందుతో కలిసినా ప్రమాదమే. ఇంటావిడ ముందు చెప్పలేకపోతే డాక్టరును ఒక్కడినే కలుస్తానని అడగండి. ఎలా తగ్గించాలో వాళ్లు చెబుతారు.

పరీక్షల్లో సరిపోలేదంటే "స్క్రీన్ ఫెయిల్" అంటారు. మాట బాగోదు, మనసుకు తీసుకోవద్దు. ఏ విలువ వల్ల కుదరలేదో అడిగి రాసుకోండి. తాత్కాలిక కారణమైతే మళ్లీ చూడమనొచ్చు. కొన్నిసార్లు ఈ పరీక్షల్లోనే ఎవరికీ తెలియని హెపటైటిస్ బి బయటపడుతుంది. అప్పుడు దాని వైద్యానికి ఎక్కడికి వెళ్లాలో చీటీ రాయించుకోండి.

7. మందు ఇంటికి వచ్చాక

ఖాళీ స్ట్రిప్పులు, సీసాలు పారేయకండి. ప్రతి విజిట్‌లో లెక్కపెడతారు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు మింగడం తప్పు. మర్చిపోయిన రోజును నోటుబుక్కులో రాయండి. లెక్క సరిపోవాలని మిగిలిన గోళీలు పొయ్యిలో వేసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు, పాపం భయంతో చేశాడు. మిగిలితే మిగిలినన్ని తీసుకురండి, ఎవరూ తిట్టరు.

సూది మందు అయితే చాలావరకు 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. ఫ్రిజ్ తలుపు అరలో వద్దు, మధ్య అరలో డబ్బాతో సహా పెట్టండి. గడ్డకట్టిన మందు కరిగాక మామూలుగా కనిపించినా వాడకూడదు. కరెంటు నాలుగైదు గంటలు పోతే సమయం రాసుకుని కోఆర్డినేటర్‌కు చెప్పండి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే అరువు ఫ్రిజ్ వెతకొద్దు, దవాఖానలోనే వేయించుకునే వీలుందా అడగండి.

మీ మందు పక్కింటివాళ్లకు అదే జబ్బు ఉందని ఇవ్వొద్దు. అది ఎంత మంచి మనసుతో చేసినా.

8. తేడా అనిపిస్తే

జ్వరం, దద్దుర్లు, వాంతులు, కళ్లు పచ్చబడటం, ఊపిరి ఆడకపోవడం, ఏదైనా సరే ముందు కాయితం మీదున్న నంబరుకు ఫోన్. అత్యవసరమైతే 108. ఏ దవాఖానకు వెళ్లినా సమ్మతి పత్రం చూపించి "ట్రయల్ మందు మీద ఉన్నాడు" అని చెప్పాలి. ఆర్‌ఎంపీ సూది వేయకముందు ఆయనకూ చూపించండి.

దవాఖానలో పడుకోబెట్టాల్సి వస్తే, ప్రాణం మీదకు వస్తే, శాశ్వత లోపం ఏర్పడితే దాన్ని తీవ్ర ప్రతికూల ఘటనగా లెక్కిస్తారు. ట్రయల్ డాక్టరు 24 గంటల్లోపు పైకి తెలపాలి. ఆ గడియారం మీ ఫోన్‌తోనే మొదలవుతుంది. వేరే ఊళ్లో చేరి నాలుగు రోజుల తర్వాత చెబితే, కారణం తేల్చడానికి కావలసిన రక్తం నమూనా కూడా దొరకదు. డిశ్చార్జి కాయితం, బిల్లులు, మందుల చీటీలు అన్నీ దాచండి. ఫోన్ ఎత్తకపోతే ఎథిక్స్ కమిటీ నంబరుకు చేయండి.

9. మానేయాలనుకుంటే, ముగిశాక

ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. మానేసినందుకు మామూలు వైద్యం ఆపకూడదు. కానీ మందు మీ అంతట మీరు టక్కున ఆపొద్దు. ఫోన్ చేసి చెప్పి, చివరి పరీక్షకు ఒక్కసారి వెళ్లి రండి. అది మీ ఒంటి కోసమే.

ట్రయల్ ముగిసే రోజు మూడు అడగండి. నాకు పనిచేస్తున్న మందు ఇకముందు ఎలా దొరుకుతుంది? వేరే మందు లేని జబ్బయితే, డాక్టరు సిఫారసు చేస్తే, కొన్ని షరతులతో ఉచితంగా ఇచ్చే నియమం ఉంది. నాకు వచ్చింది అసలు మందా, ఉత్త గోళియా, ఎప్పుడు చెబుతారు? ఫలితం నాకు తెలుస్తుందా?

ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకు

ఇది విడిగా రాస్తున్నాను. ఫీజు కట్టాలనో, బాకీ తీర్చాలనో పైసల కోసం మందు పోలిక పరీక్షలకు (ఒక కంపెనీ మందు ఇంకో కంపెనీ మందులాగే ఒంట్లోకి చేరుతుందా అని చూసేవి) వెళ్లే డిగ్రీ పిల్లలు నాకు తెలుసు. ఊళ్లో ఎవరో ఫోన్ చేసి "రెండు రోజులు పడుకుంటే చాలు" అంటారు. ఆ ఏజెంటుకు మీ తలకింత అని కమిషన్ ఉంటుంది. వెళ్లేదుంటే ఏజెంటు లేకుండా వెళ్లండి, పైన చెప్పిన కాయితాలన్నీ అడగండి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య సాధారణంగా 90 రోజుల ఎడం పెడతారు. తమ్ముడి ఆధార్‌తో ఇంకోచోట చేరితే ఒంట్లో రెండు మందులు కలుస్తాయి, రక్తం రెండుసార్లు పోతుంది. హాని జరిగితే పేరు మీది కాదు కనుక పరిహారమూ రాదు. రక్తం ఎంత తీశారో ప్రతిసారీ రాసుకోండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పి వెళ్లండి, చిరునామాతో సహా.

ఫైలు బీరువాలో కాదు, గోడకు తగిలించిన సంచిలో పెట్టండి. నామినీకి, పక్కింటివాళ్లలో ఒకరికి చూపించి ఉంచండి. అట్ట మీద పెద్ద అక్షరాలతో ట్రయల్ నంబరు, డాక్టరు ఫోను, ఎథిక్స్ కమిటీ ఫోను రాయండి.